విజేతలను అడగాల్సిన ప్రశ్న: నిన్న పొద్దుటి నుంచి ఏం చేశారు?

సంపాదకులకు నమస్కారం.

పరీక్ష ఫలితాలు వచ్చిన ప్రతిసారీ దినపత్రికల చదువుల పేజీల్లో విజేతల ముఖాముఖిలు వరసకడతాయి. అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే: రోజుకు ఎన్ని గంటలు చదివారు, మీకు స్ఫూర్తి ఎవరు, ఇప్పటి పిల్లలకు ఏం చెబుతారు. జవాబులూ అవే: కష్టపడండి, ఇష్టమైన రంగం ఎంచుకోండి, మనసు చెప్పింది వినండి. చదివిన పిల్లలకు ఆ పూటకు ఉత్సాహం వస్తుంది. తెల్లారేసరికి అసలు ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది: నా మనసు ఏం చెబుతోందో నాకు తెలిసేదెలా? వృత్తి మార్గదర్శనంలో పనిచేసేవాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఒక నోటుపుస్తకం ముందు పెట్టుకుని, తేదీలు వేసుకుని వెతుక్కుంటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆ పద్ధతి మీ పాఠకులకు చేరాలన్నది మా ఆరాటం.

మేం చెప్పదలచింది ఇదీ. మనం ఎవరిని చూసి అబ్బురపడతామో వాళ్ల హోదాను చూసి మన దారి ఎంచుకోలేం. వాళ్లలో ఏ గుణం మనల్ని కట్టిపడేసిందో అది పట్టుకోవాలి. ఆ గుణం మన లోపలి కోరికకు బయట దొరికిన బొమ్మ. దాన్ని గుర్తుపట్టాక వెంటనే నమ్మేయకుండా చేతులతో పరీక్షించి చూసుకోవాలి. గుర్తుపట్టడానికి, పరీక్షించడానికి కలిపి రెండు నెలలు చాలు.

ముందుగా ఆదర్శాల సంగతి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ సావికాస్ రూపొందించిన వృత్తి ముఖాముఖిలో మొట్టమొదటి ప్రశ్న, ‘పెరిగేటప్పుడు ఎవరిని చూసి ముచ్చటపడేవారు?’ అనేదే. ముగ్గురి పేర్లు అడుగుతారు. ఆ ముగ్గురిలో అమ్మానాన్నలను చేర్చరు. దానికి కారణం ఉంది. అమ్మానాన్నల్ని మనం ఎంచుకోలేదు, వాళ్ల ప్రభావం ఎలాగూ ఉంటుంది. ఆదర్శాన్ని మాత్రం పసితనంలోనే మనంతట మనం ఎంచుకున్నాం. ఒక రకంగా అది మన మొదటి వృత్తి నిర్ణయం. ఆ మనిషి నిజంగా ఉన్నవాడే కానక్కర్లేదు. కథలోని పాత్ర కావచ్చు, కార్టూన్ బొమ్మ కావచ్చు, పక్కింటి కుట్టుమిషను అక్క కావచ్చు.

ఒక్కరే కూర్చుని 40 నిమిషాల్లో ఈ పని చేయవచ్చు. పుస్తకంలో మూడు పేజీలు తీసుకుని ఒక్కో పేజీ పైన ఒక్కో పేరు రాయాలి. కింద ఆ మనిషి ఏం సాధించాడో రాయకూడదు, ఎలాంటివాడో రాయాలి. కనీసం ఐదు మాటలు ఉండాలి, ప్రతి మాటకూ పక్కన ఒక దృశ్యం ఉండాలి. ‘ధైర్యవంతుడు’ అని రాసి వదిలేస్తే ఏమీ తేలదు. ఎప్పుడు, ఎవరి ముందు, ఏం చేసినప్పుడు ఆ ధైర్యం కనిపించింది? అది రాయాలి. మూడు పేజీలూ నిండాక మళ్లీ మొదటి నుంచి చదువుతూ, రెండోసారి కనిపించిన ప్రతి మాట కింద గీత గీయాలి. మాటలు వేరైనా అర్థం ఒకటైతే అదీ లెక్కే. ప్రతి పేజీలో అన్నిటికన్నా ముందు రాసిన మాటకు చుట్టూ సున్నా చుట్టాలి. ఆలోచించకుండా కలంలోంచి జారిన మాట అది, దానికి బరువెక్కువ.

ఉదాహరణకు ఒక జాబితా ఊహించుకుందాం. ఒక అమ్మాయి రాసిన మూడు పేర్లు: ఒక క్రికెట్ కెప్టెన్, చిన్నప్పుడు చదివిన కథల్లోని ఒక డిటెక్టివ్, పక్కింటి కుట్టుమిషను అక్క. చూడగానే ఈ ముగ్గురికీ పొంతన కుదరదు. కింద రాసుకున్నవి చదవండి. కెప్టెన్ దగ్గర: ‘చివరి ఓవర్లో అందరూ కంగారుపడుతుంటే ఫీల్డర్ని రెండడుగులు పక్కకు జరిపాడు.’ డిటెక్టివ్ దగ్గర: ‘అందరూ చూసి వదిలేసిన తలుపు గొళ్లెం మీద గీతను ఇతను మళ్లీ వెనక్కి వెళ్లి చూశాడు.’ అక్క దగ్గర: ‘పెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నా చంక దగ్గర కుట్టు ఊడదీసి మళ్లీ వేసింది.’ ఇప్పుడు మూడూ ఒకే మాట చెబుతున్నాయి: చుట్టూ హడావిడి ఉన్నా తొణక్కుండా, చిన్న విషయాన్ని వదలకుండా చూడటం. ఈ అమ్మాయికి కావలసింది క్రికెట్టూ కాదు, పోలీసు ఉద్యోగమూ కాదు. ఆపరేషన్ బల్ల దగ్గర మత్తు ఇచ్చే వైద్యం, విమానాల రాకపోకలు నడిపే కంట్రోలర్ కుర్చీ, ఆడిటు, సాఫ్ట్‌వేర్ టెస్టింగు, రోగ నిర్ధారణ ల్యాబు, వార్తా సంస్థలో డెస్కు... ఈ గుణం లేకపోతే నడవని పనులు పది కనిపిస్తాయి. వాటిలో తన చదువుకు, వసతికి అందేవి రెండో మూడో ఉంటాయి. వాటినే పరీక్షించుకోవాలి.

ఈ పని చెడిపోయే చోట్లు మాకు బాగా తెలుసు. అన్నిటికన్నా ఎక్కువగా చెడేది ఫలితాల మాటల వల్ల. ‘పేరుంది’, ‘బాగా సంపాదించాడు’, ‘అందరూ గౌరవిస్తారు’ అన్నవి మనిషి గుణాలు కావు, పని అయిపోయాక వచ్చినవి. అలాంటి మాట రాసినప్పుడు పక్కనే ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ మనిషి పేరు ఎవరికీ తెలియకపోయినా ఇతన్ని చూడటానికి నేను ఆగేవాణ్నా? ఆగేవాణ్ని అయితే ఎందుకు ఆగేవాణ్నో అది రాయాలి. ఆగేవాణ్ని కాకపోతే ఆ పేరు కొట్టేసి ఇంకో పేరు వెతుక్కోవాలి. రెండో చిక్కు అరువు ఆదర్శాలు. ఇంట్లో పదేపదే వినిపించిన పేరు, ఆ ఏడు అందరి నోటా నానిన పేరు చప్పున గుర్తుకొస్తాయి. వాటి కింద రాయబోతే దృశ్యాలు రావు, పొగడ్తలే వస్తాయి. దృశ్యం రాని పేరు మీది కాదని అనుకోవచ్చు.

అసూయ కూడా ఇక్కడ పనికొస్తుంది, దాన్ని దాచుకోవద్దు. ఎవరి కబురు విన్నప్పుడు లోపల చురుక్కుమంది? ఆ కబురులో సరిగ్గా ఏ ముక్క దగ్గర? స్నేహితుడికి విదేశంలో ఉద్యోగం వచ్చిందని కుళ్లుకున్నవాళ్లు నలుగురు ఉంటే, ఒకరిని గుచ్చుకున్నది జీతం, ఒకరిని ఒంటరిగా బతకగల స్వేచ్ఛ, ఒకరిని అక్కడి ప్రయోగశాల, ఒకరిని ఇంట్లోవాళ్ల మెచ్చుకోలు. ఆ ముక్క దొరికితే కోరిక కొస దొరికినట్టే.

ఆదర్శం ఎంత దూరాన ఉండాలన్నది కూడా ముఖ్యమే. 1997లో పెనెలోపీ లాక్‌వుడ్, జీవా కుందా అనే పరిశోధకులు అకౌంటింగ్ విద్యార్థులకు ఒక చురుకైన ఆఖరి ఏడాది విద్యార్థి విజయాల గురించి చదవడానికి ఇచ్చారు. మొదటి ఏడాదివాళ్లు ఉత్తేజపడ్డారు. ఆఖరి ఏడాదివాళ్లకు ఆ ఉత్తేజం కలగలేదు, ఎందుకంటే తాము ఆ స్థాయికి చేరుకోవడానికి ఇక వ్యవధి లేదు. ఒకే విజయగాథ ఒకరికి రెక్కలిస్తుంది, ఇంకొకరి కాళ్లలో బలం తీసేస్తుంది. మొదటి ర్యాంకు ఫొటో చూసి పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకునే పిల్లలు ప్రతి ఊళ్లో ఉంటారని సంపాదకులు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాం. మేమైతే ఎవరికైనా ఇలా చెబుతాం: దూరాన ఒక తార ఉంటే ఉండనివ్వండి, కానీ మీకన్నా మూడు నుంచి ఐదేళ్లు ముందున్న ఇద్దరిని వెతుక్కోండి. వాళ్లు నిన్నటిదాకా మీరున్న చోటే ఉన్నారు, ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది. ముప్పై ఏళ్ల కిందట పైకెక్కినవారు ఎక్కిన మెట్లలో సగం ఇప్పుడు ఉండకపోవచ్చు. అదే దారిలో వెళ్లి వదిలేసినవాళ్లను కూడా ఒకరిని కలవాలి. నెగ్గినవాళ్ల దగ్గరికే వెళ్తే, అంతే పట్టుదలతో ప్రయత్నించి ఓడినవాళ్ల లెక్క మనకు ఎప్పటికీ అందదు.

ఇక లోపలి కోరిక. ‘నీకేది ఇష్టం?’ అని అడిగితే నిజాయితీగా చెప్పే పిల్లలు కూడా తప్పే చెబుతారు. తమకు మార్కులు ఎక్కువ వచ్చే సబ్జెక్టు పేరు చెబుతారు, లేదా మెచ్చుకున్న టీచరు చెప్పే సబ్జెక్టు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం దీని గుట్టు విప్పుతుంది. రంగు స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే తమంతట తామే ఇష్టపడే చిన్నపిల్లల్ని తీసుకున్నారు. కొందరికి ‘గీస్తే ధ్రువపత్రం ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి ముందు చెప్పకుండా చివర ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఏ బహుమతీ లేని మామూలు ఆట సమయంలో చూస్తే, బహుమతి కోసమని గీసిన పిల్లలు ఆ పెన్నుల దగ్గర గడిపిన సమయం మిగతావాళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. ఇష్టం ఉన్నచోట బేరం పెడితే ఇష్టం సన్నగిల్లుతుంది. పదిహేనేళ్ల పాటు ప్రతి చదువుకూ మార్కు, ప్రతి ఆటకూ కప్పు ఉన్న మనిషికి తన ఇష్టం కనబడకపోవడంలో వింత లేదు. కనుక నిజమైన కోరికను మార్కు, మెప్పు, జీతం ఏవీ లేనిచోట వెతకాలి.

దానికి రెండు వారాల చిట్టా రాయమంటాం. 14 రోజులు, రాత్రి పడుకునే ముందు 10 నిమిషాలు. ఆ రోజు ఎవరూ చెప్పకుండా చేసిన పని ఏది? చేస్తుండగా సమయం తెలియనిది ఏది? చెడిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది ఏది? మూడుసార్లు వాయిదా వేసింది ఏది? పని పేరు రాసేటప్పుడు నామవాచకం వద్దు, క్రియ రాయాలి. ‘కంప్యూటర్’ అని రాస్తే అందులో వంద పనులు ఇమిడిపోతాయి. తప్పు ఎక్కడుందో వెతికానా, రంగులు పేర్చానా, స్నేహితుడికి అర్థమయ్యేలా చెప్పానా, ఊరికే వీడియోలు చూస్తూ కూర్చున్నానా? వీడియోలు చూడటం, పాటలు వినడం, తినడం లాంటివి వేరే రంగు కలంతో రాయాలి. అవి విశ్రాంతి కిందికి వస్తాయి. వాటిని కోరిక అనుకుని ఆ రంగంలో దిగినవాళ్లు చాలామంది దెబ్బతింటారు. సినిమాలు చూడటం ఇష్టమైనంత మాత్రాన, ఒకే షాటు కోసం ఎండలో ఏడు గంటలు నిలబడటం ఇష్టమవుతుందని లేదు.

14 రోజులయ్యాక క్రియల్ని లెక్కపెట్టాలి. విప్పడం, పేర్చడం, వివరించడం, బేరమాడటం, ఓదార్చడం, లెక్కతేల్చడం, సరిదిద్దడం, పెంచడం... ఏవో రెండు మూడు మిగతావాటికన్నా చాలా ఎక్కువసార్లు వస్తాయి. వాటిని ఆదర్శాల పేజీలో గీతలు గీసిన మాటల పక్కన పెట్టి చూడాలి. రెండూ కలిస్తే అదృష్టమే, దారి చాలావరకు తేలినట్టు. కలవకపోయినా బెంగ వద్దు. ఆదర్శం మనం ఎలా ఉండాలనుకుంటున్నామో చెబుతుంది, చిట్టా మనం ఎలా ఉన్నామో చెబుతుంది. వేదిక మీద గలగలా మాట్లాడేవాళ్లను ఆరాధిస్తూ, చిట్టాలో రోజంతా ఒంటరిగా ఏదో సరిచేస్తూ కనిపించేవాళ్లు ఉంటారు. వాళ్లకు మాట్లాడే ఉద్యోగం అంటగట్టడం తొందరపాటు. తాము సరిచేసినదాన్ని నలుగురికీ చెప్పగలిగే అవకాశం కొంచెం ఉన్న పని వాళ్లకు నప్పుతుంది.

హోదా కోరికకూ పని కోరికకూ ఉన్న తేడా ఇక్కడే తేల్చుకోవాలి. ‘రచయిత కావాలి’ అన్నది ఒకటి, ‘రాయాలి’ అన్నది ఇంకొకటి. తేల్చుకునే మార్గం సులువే: ఆ పనిలో రోజూ ఉండే విసుగు పనులు మూడు రాసి, వాటిని వారానికి ఐదు రోజులు చేయగలనా అని అడగాలి. న్యాయవాది సమయంలో ఎక్కువ భాగం కాగితాలు చదవడం, అర్జీలు రాయడం, వాయిదాల కోసం ఎదురుచూడటం. వన్యప్రాణి పరిశోధకుడు గంటలకొద్దీ కదలకుండా కూర్చుని, కనిపించినది నమోదు చేసి, సాయంత్రం అంకెలు పట్టికలకెక్కిస్తాడు. ఫొటోగ్రాఫరు కెమెరా పట్టుకునే సమయం కన్నా, తీసినవాటిలో పనికొచ్చేవి ఏరడం, రంగులు సరిచేయడం, బాకీ వసూలు చేయడం ఎక్కువ. మూడు విసుగు పనులు రాయడానికి కూడా తోచకపోతే, మనకు తెలిసింది ఆ పని పోస్టరు మాత్రమే. విసుగు పనులు తెలిసి కూడా ‘సరే’ అనిపిస్తే ఆ కోరికకు వేరు ఉన్నట్టు.

అబ్దుల్ కలాం జీవితంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. బడిలో శివసుబ్రహ్మణ్య అయ్యర్ అనే మాస్టారు పిల్లల్ని సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి పక్షి ఎలా ఎగురుతుందో చూపించారు. ఆ పిల్లవాడి మనసులో ఎగరడం నాటుకుంది. పెద్దయ్యాక వైమానిక దళంలో పైలట్ ఎంపికకు వెళితే 25 మందిలో 9వ స్థానం వచ్చింది, తీసుకున్నది 8 మందిని. కోరిక ‘పైలట్’ అన్న హోదా మీద ఉండి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అది ఎగరడం మీద ఉంది కాబట్టి హోవర్‌క్రాఫ్ట్‌లోకి, ఉపగ్రహ వాహక నౌకలోకి, క్షిపణిలోకి దారి వెతుక్కుంది. మాస్టారిని ఆరాధించిన శిష్యుడు చివరికి పాఠం చెప్పడానికి కూడా వచ్చాడన్నది ఈ కథలో మరచిపోకూడని ముక్క.

మైకేల్ ఫారడే కథను పాఠ్యపుస్తకాలు ‘పేద కుర్రాడు గొప్ప శాస్త్రవేత్త అయ్యాడు’ అని ఒక్క వాక్యంలో ముగిస్తాయి. దాని లోపలి మెట్లు చూస్తే మేం చెబుతున్న పద్ధతి మొత్తం అందులో ఉంది. 14 ఏళ్లకు పుస్తకాల బైండింగు నేర్చుకోవడానికి చేరాడు, శిక్షణ ఏడేళ్లు. బైండింగుకు వచ్చిన విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీద వ్యాసం చదివి, చేతిలో ఉన్న చిల్లరతో చిన్న చిన్న పరికరాలు కట్టుకుని ప్రయోగాలు చేసి చూశాడు. ఎవరూ చెప్పలేదు, మార్కులు లేవు. 1812లో దుకాణానికి వచ్చే ఒకాయన టికెట్లు ఇస్తే రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేయలేదు. విన్నది బొమ్మలతో సహా శుభ్రంగా రాసి, తనకు వచ్చిన విద్యతో తానే బైండు చేసి, దాదాపు 300 పేజీల పుస్తకాన్ని డేవీకే పంపాడు. డేవీ మొదట బైండింగు పని వదలొద్దనే సలహా ఇచ్చాడు. 1813 మార్చిలో ప్రయోగశాలలో సహాయకుడి స్థానం ఖాళీ అయితే మాత్రం ఈ కుర్రాడినే పిలిచాడు. చేరింది సీసాలు, పరికరాలు చూసుకునే పనిలో. విద్యుదయస్కాంత ప్రేరణ కనిపెట్టింది 1831లో, అంటే 18 ఏళ్ల తర్వాత. ఆదర్శం నుంచి అతను తీసుకున్నది డేవీ పేరుప్రతిష్ఠలను కాదు, ప్రయోగం చేసి చూపించే తీరును. తన పాత చేతిపనిని పారేయకుండా దాన్నే కొత్త గుమ్మానికి తాళంచెవిగా వాడుకున్నాడు.

ఇంతవరకూ తేలింది ఊహే. ఊహను పరీక్షించడం రెండో నెల పని. ముందుగా ఆ పనిలో ఇప్పుడు ఉన్న ముగ్గురితో 20 నుంచి 30 నిమిషాలు మాట్లాడాలి. ఇది మొహమాటం మీద వదిలేసే మెట్టు, కానీ అన్నిటికన్నా ఎక్కువ ఆదా చేసేది కూడా ఇదే. మనకు ఏది నచ్చుతుందో ఊహించడంలో మనం ఎంత బలహీనులమో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ గిల్బర్ట్, ఆయన సహచరులు 2009లో చూపించారు. ఒక మనిషితో ఐదు నిమిషాల పరిచయం తనకు ఎంత నచ్చుతుందో, అతని ఫొటో, వివరాలు చూసి ఊహించినవారి కన్నా, అంతకుముందే అతన్ని కలిసిన ఇంకొకరు ఎంత నచ్చిందన్నారో విని చెప్పినవారే నిజానికి దగ్గరగా వచ్చారు. ఉద్యోగ ప్రకటన, కాలేజీ బ్రోచర్ ఆ ఫొటో లాంటివి.

‘మీ పని మీకు ఇష్టమేనా?’ అని మాత్రం అడగొద్దు, మర్యాద జవాబు వస్తుంది. నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు, గంట గంటకూ చెప్పండి అనాలి. చేరిన మొదటి రెండేళ్లు మీ చేత ఏం చేయించారు? ఈ పని మానేసేవాళ్లు ఎప్పుడు మానేస్తారు, ఏ కారణానికి? ఎదుటివాళ్లకు కనపడని భాగం ఏది? ఇంకెవరిని కలవమంటారు? ఈ చివరి ప్రశ్నతో రెండో మనిషి, మూడో మనిషి దొరుకుతారు. ముగ్గురూ ఒకే మాట చెబితే అది వృత్తి స్వభావం. ఒక్కరే చెబితే అది ఆ ఒక్కరి అధికారి స్వభావమో, ఆ సంస్థ తీరో అయి ఉంటుంది. ఒక్కరి మాట విని రంగాన్నే వదిలేసుకోవడం మేం తరచూ చూసే పొరపాటు.

తర్వాత చేతులు పెట్టాలి. నాలుగు వారాలు, మొత్తం 20 నుంచి 30 గంటలు, చివర ఒక వస్తువు బయటికి రావాలి. న్యాయశాస్త్రం అనుకుంటున్నవారు అందరికీ అందుబాటులో ఉండే కోర్టు తీర్పులు ఐదు చదివి, ఒక్కోదానికి ఒక పేజీలో జరిగిందేమిటి, వివాదం ఏమిటి, కోర్టు ఎందుకలా తేల్చింది అని రాయాలి. ప్రోగ్రామింగు అయితే ఇంకొక మనిషి నిజంగా వాడుకునే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసివ్వాలి, వాళ్లు చెప్పిన లోపాలు సరిచేయాలి. బోధన అయితే ముగ్గురు పిల్లలకు ఒకే పాఠం నాలుగు విధాలుగా చెప్పి, ఎప్పుడు అర్థమైందో రాసుకోవాలి. విలేకరి కావాలనుకునేవారు ఒక సంగతిని ముగ్గురి దగ్గర నిర్ధారించుకుని 400 మాటల్లో అదే రోజు రాయాలి, అలా ఆరుసార్లు. ఖరీదైన కోర్సులో చేరడం పరీక్ష కాదని గట్టిగా చెబుతున్నాం. డబ్బు కట్టాక మనసు నిజం చెప్పదు, కట్టిన డబ్బు వైపే వాదిస్తుంది. ఉన్న ఉద్యోగం మానేసి పరీక్షించుకోవడం అంతకన్నా చెడ్డది. నెలాఖరు భయం పట్టుకున్నాక ఏ పనీ ఇష్టంగా అనిపించదు.

మొదటి వారం బాగుంటుంది, దాన్ని నమ్మకండి. మూడో వారంలో ఊపు తగ్గుతుంది, అప్పుడు జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ వారంలో కలిగే చిరాకు రెండు రకాలు. ‘ఇది ఎప్పుడు అయిపోతుందా’ అన్న విసుగు ఒకటి. ‘నేను అనుకున్నంత బాగా రావడం లేదే’ అన్న ఉక్రోషం ఇంకొకటి. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, రెంటిలోనూ మనిషి పెన్ను విసిరేస్తాడు. విసుగుపడినవాడు మళ్లీ ఆ కాగితం వైపు చూడడు. ఉక్రోషపడినవాడు అరగంట తర్వాత వచ్చి తప్పు ఎక్కడుందో వెతుకుతాడు. రెండోది కనిపిస్తే ఆ పనిని వదలకండి. చేతకానితనాన్ని అయిష్టం అనుకుని ఎంతోమంది తమకు సరిపోయే పనిని నాలుగో వారంలోపే వదిలేస్తున్నారు. దీనికి కొంత కారణం ‘నీ అభిరుచి ఎక్కడో దాగి ఉంది, కనుక్కో’ అనే సలహా. పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ 2018లో ప్రచురించిన పరిశోధనలో, కృష్ణబిలాల మీద ఆకట్టుకునే వీడియో చూసి ఉత్సాహపడినవారికి అదే విషయం మీద కష్టమైన వ్యాసం ఇచ్చారు. అభిరుచి ముందే తయారై ఉంటుందని నమ్మేవారిలో ఆసక్తి ఎక్కువగా పడిపోయింది. అభిరుచి పెంచుకుంటే పెరుగుతుందని నమ్మేవారు నిలబడ్డారు. కష్టం రాగానే ‘ఇది నాది కాదేమో’ అనుకోవడం ఆ నమ్మకం నేర్పిన అలవాటు.

బాధ్యతల వల్ల ఉద్యోగం మార్చుకోలేనివారికి ఇదంతా దేనికని అడగవచ్చు. ఎమీ రెజ్‌నెస్కీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే రకం కార్యాలయ సహాయకులు 24 మందిని విడిగా చూస్తే, తమ ఉద్యోగాన్ని జీతం కోసం చేసే పనిగా, పైకెక్కే మెట్టుగా, తమ జీవిత కార్యంగా చూసేవారు ఇంచుమించు మూడు సమాన భాగాలుగా తేలారు. కుర్చీ ఒకటే. కనుక చిట్టాలో తేలిన క్రియను ఉన్న ఉద్యోగంలోకే వారానికి రెండు మూడు గంటలు తెచ్చుకోవచ్చు. వివరించడం ఇష్టమైన గుమాస్తా కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే బాధ్యత అడిగి తీసుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఒక రంగం పేరు చెప్పినప్పుడు ‘వద్దు’ అనే ముందు ‘అందులో నీకు నచ్చిన పని ఏది?’ అని అడగండి. పిల్లలూ వట్టి పట్టుదలతో వాదించకుండా చిట్టా, ముగ్గురితో మాట్లాడిన కాగితాలు, చేసిన వస్తువు ముందు పెట్టి మాట్లాడితే ఇంట్లో చర్చ తీరు మారుతుంది. ఫలానా తేదీ దాకా ప్రయత్నిస్తాను, అప్పటికి ఇది రాకపోతే ఇదుగో రెండో దారి అని రాసిచ్చిన పిల్లలకు గడువు ఇవ్వడానికి పెద్దలు అంతగా వెనకాడరు.

ఇక సంపాదకులకు మా విన్నపం. విజేతల ముఖాముఖిలు ఆపమనడం లేదు. స్ఫూర్తి ఎవరని అడిగినప్పుడు ఆ మనిషిలో సరిగ్గా ఏది చూసి ముచ్చటపడ్డారో, ఒక్క సందర్భం చెప్పమని కూడా అడిగించండి. ర్యాంకు పక్కన ఒక చిన్న పెట్టె కట్టి ఆ వృత్తిలో నిన్నటి రోజు గంట గంటకూ ఎలా గడిచిందో వేయండి. వారానికి ఒక్కసారైనా, పేరు లేని, ఆ పనిలో మూడేళ్ల అనుభవమున్న మామూలు మనిషిని మాట్లాడించండి: నర్సు, సర్వేయరు, ప్రూఫ్ రీడరు, లిఫ్టు మెకానిక్. నెలకోసారి ఒక రంగం వదిలి వచ్చినవారిని ఎందుకు వదిలారో అడగండి. ఆ పెట్టెలకు కావలసిన ప్రశ్నల జాబితా తయారుచేసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
వృత్తి మార్గదర్శనంలో పనిచేస్తున్న కొందరు